కుందేళ్ళ మేడమ్

మేడమ్ సంతాపసభకి కట్టిన ఫ్లెక్సీలో ఆవిడ ఎడమ చెవి బాగుపడిపోయింది.

తేడా ఎక్కడుందో ముందు నాకే తట్టలేదు. కాలేజీ సెమినార్ హాల్లో స్టేజీ వెనక గోడంత ఫోటో. అదే వెడల్పాటి మొహం, ఎవర్నో తిట్టబోయి ఆగినట్టుండే అదే నోరు. అయినా ఎవరో పరాయి మనిషి సభకి వచ్చి కూర్చున్నట్టుంది నాకు. కాసేపు చూశాక తెలిసింది. ఆవిడ ఎడమ చెవి తమ్మెకి ఉసిరికాయంత కాయ ఒకటి వేలాడుతుండేది. అది లేదు. ద్వారకా నగర్లో ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడెవడో శుభ్రంగా చెరిపేశాడు. పనిలో పనిగా ఒళ్ళు కూడా తెల్లగా చేశాడు. పేరున్న సర్జన్లు కత్తి పెట్టి చెయ్యలేని పని వాడు మౌసు పట్టుకుని చేసేశాడు.

మా కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ యజమాని, మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుని, "మొండి మచ్చలకి మందు కనిపెట్టిన మహనీయురాలు" అన్నారు. ఆవిడ మందూ కనిపెట్టలేదు, మట్టీ కనిపెట్టలేదు. కనిపెట్టలేదని ఇదే హాల్లో, ఇదే మైకులో, ఈయన పక్కనే నిలబడి ఆవిడే చెప్పారు. ఆ సంగతి తెలిసినవాళ్ళం హాల్లో కొందరం ఉన్నాం. మాకు మైకు ఇవ్వలేదు. టీ, సమోసా ఇచ్చారు.

అందుకని ఇక్కడ చెప్పుకోవాల్సి వస్తోంది.

మాది తగరపువలస పక్క పల్లె. ఇంట్లో మడిచెక్క సంగతి తప్ప మందుల సంగతి తెలిసినవాళ్ళు లేరు. ఫార్మసీ చదివి, ఉద్యోగం దొరక్క, పీహెచ్‌డీ అయినా చేద్దామని ఆనందపురం దాటాక హైవే పక్కనున్న ఈ కాలేజీకి వచ్చాను. ఇంటర్వ్యూలో మేడమ్ నన్ను ఫార్మకాలజీ గురించి ఒక్క ముక్క అడగలేదు. వెనకున్న జంతుశాలకి తీసుకెళ్ళి ఒక తెల్ల కుందేలుని చేతికిచ్చి, "పట్టుకో సూద్దాం" అన్నారు. కుందేలంటే మెత్తటి ప్రాణి అనుకుని గుండెలకి హత్తుకున్నాను. అది వెనక్కాళ్ళతో ఒక్క తన్ను తన్ని ముంజేతి మీద మణికట్టు దాకా గీరేసింది.

ఆవిడ కంగారుపడలేదు. స్పిరిటు దూదితో తుడిచి, ఆ గీత వంక ఆశగా చూశారు. పీహెచ్‌డీకి తీసుకున్నారు. ఆ తర్వాత ఎదురుపడినప్పుడల్లా నమస్కారం కూడా చెప్పనివ్వకుండా నా చెయ్యి లాక్కుని చొక్కా పైకి మడిచి చూసుకునేవారు. కొన్నాళ్ళకి గీత చక్కగా మానిపోయి, ఎక్కడ గీరిందో కూడా తెలియకుండా పోయింది. ఆవిడ మొహం వాడిపోయింది.

"సీ, నీది మంచి సర్మంరా. దేనికీ పనికిరాదు," అన్నారు.

ఆవిడ పనల్లా చెడ్డ చర్మంతోనే. గాయమైతే ఎవరికైనా మచ్చ పడుతుంది. కొందరికి మాత్రం మానిన తర్వాత కూడా ఆ చోట కండ పెరుగుతూనే ఉంటుంది. ఎర్రగా, గట్టిగా, దురద పుడుతూ ఉబ్బి కూర్చుంటుంది. గాయం గీత దాటి పక్క చర్మం మీదికి కూడా పాకేసేదాన్ని కెలాయిడ్ అంటారు. మేడమ్ చెవికి వేలాడింది అదే. కాలేజీలో చదివే రోజుల్లో ముచ్చటపడి రెండో పోగు కుట్టించుకున్నారట. అక్కడ మొదలైంది. కోయించారు. మళ్ళీ వచ్చింది, ఇంకాస్త పెద్దదై వచ్చింది. మళ్ళీ కోయించారు. ఈసారి ఉసిరికాయైంది. "గాయానికి మానడం వొచ్చురా, ఆపడం రాదు. మా రేవులో ఆడోళ్ళ తగువు లాగ," అనేవారు. ఆవిడ పుట్టింటివాళ్ళు సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళు. తమ్ముడు ఇప్పటికీ బోటు మీదే ఉన్నాడు.

బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు, పెళ్ళిళ్ళలో ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆ చెవిని చూసి ఊరుకోలేక అడిగేసేవారు. ఆవిడ ఒకరికి చెప్పిన కారణం మరొకరికి చెప్పేవారు కాదు. ఒకసారి మా ఎదుటే ఎవరో పెద్దావిడ అడిగితే, "మా ఆయన కొరికీసినాడమ్మా," అన్నారు. ఆ ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. పోర్టులో పనిచేసి రిటైరైన మహా నెమ్మదస్తుడు. ఆయన తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని అలాగే ఉండిపోయారు. ఆ కాపురంలో అది ఎన్నో సారో మరి.

ఆవిడకి రెండు తెలుగులు. మామూలుగా రేవు తెలుగు. కుందేళ్ళతో, మాతో, జిల్లా కలెక్టరుతో, పైనుంచి వచ్చిన ఇన్‌స్పెక్షన్ పెద్దలతో అదే. ఆ తెలుగులో ఆవిడ ఎన్ని తిట్టినా ఎవరికీ ఏమీ కాదు. కానీ ఎప్పుడైనా "మీరు దయచేసి కూర్చోండి" అని పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడితే మాత్రం మేం చేస్తున్న పని వదిలి లేచి నిలబడేవాళ్ళం. అది కోపం. నిజమైన కోపంలో ఆవిడ నోట ఒక్క యాస ముక్క దొర్లేది కాదు.

మధ్యాహ్నం అన్నంలోకి ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చుకుని డిపార్టుమెంటు మైక్రోవేవ్‌లో వేడి చేసేవారు. పక్కగది ప్రిన్సిపాల్ గారిది. ఆయన వెల్లుల్లి కూడా ముట్టరు. ఆ వాసన గోడలో దూరి, ఆయన ఫైళ్ళలోకి కూడా దిగిందని చెప్పుకునేవారు. మైక్రోవేవ్ ఎవరూ వాడకూడదని ఆయనొక సర్క్యులర్ తీశారు. మేడమ్ దాని మీద అందరికన్నా ముందు సంతకం పెట్టి, జంతుశాలలో స్టవ్వు వెలిగించుకోవడం మొదలుపెట్టారు. గాలి అటునుంచి ఇటు కొట్టేది. సర్క్యులర్ వెనక్కి తీసుకున్నారు.

ప్రయోగాల జంతువులకి పేర్లు పెట్టకూడదని మాకు నేర్పిందీ ఆవిడే. పేరు పెడితే మనసు పడుతుందని. ఆ రూలు రాసిన కాగితం తలుపుకి అతికించి, ఆ తలుపు లోపలున్న కుందేళ్ళన్నిటికీ మా యాజమాన్యం పేర్లు పెట్టేశారు. కరస్పాండెంటు, ప్రిన్సిపాలు, ట్రెజరరు, ఇద్దరు డైరెక్టర్లు. ఈళ్ళ మీద మనసు ఎలాగూ పడదు కదరా, అనేవారు. అలా మా రోజువారీ మాటలు చాలా ఘోరంగా తయారయ్యాయి. ఒకరోజు నేను ఫోనులో ఆవిడకి, ప్రిన్సిపాల్ గారికి నిన్నటి నుంచి విరేచనాలని, మేత ముట్టడం లేదని చెబుతున్నాను. తల తిప్పేసరికి ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో ఉన్నారు. ఆయనకి ఆరోగ్యంగానే ఉంది.

అరగంటలో మేడమ్ వచ్చి పడ్డారు. ఏమాత్రం జంకు లేకుండా, మీ పేరు పెట్టుకుంటే ఆ జీవి గట్టిగా బతుకుతుందని ఆశ పడ్డాం సార్ అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, ఏది నాది అని అడిగారు. నీరసంగా పడున్నదాన్ని చూపిస్తే ఏం బాగుంటుంది. మూలబోనులో బొద్దుగా, తెల్లగా, మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నదాన్ని చూపించారు. అది ట్రెజరరు. దాన్నింకా ప్రయోగంలోకి తియ్యలేదు. ప్రిన్సిపాల్ గారికి అది నచ్చింది. అప్పట్నుంచీ అటు వచ్చినప్పుడల్లా జేబులో క్యారెట్టు ముక్క తెచ్చి ట్రెజరర్‌కి పెట్టేవారు.

ఇంత వేళాకోళం చేసినా ఆవిడ కుందేలుని ముట్టుకుంటే మాత్రం చేతులు వేరేగా ఉండేవి. కుందేలుకి కెలాయిడ్ రాదు, ఆ వైభోగం మనిషికొక్కడికే. కానీ దాని చెవి లోపలి వైపు చర్మం కింద మృదువైన ఎముకని పట్టుకుని ఉంటుంది గనక, అక్కడ చిన్న గుండ్రటి గాయం చేస్తే ముడుచుకుని మూసుకుపోదు. నెమ్మదిగా మాని, నెల తిరిగేసరికి ఉబ్బెత్తు మచ్చగా తయారవుతుంది. మనుషుల మచ్చకి దగ్గరగా దొరికేది అదే. మత్తిచ్చి, చెవి మొద్దుబారిందని తేల్చుకుని గానీ ఆవిడ కత్తి పట్టేవారు కాదు. చివర్న మచ్చ ముక్కని మైక్రోస్కోపు కింద చూడాలంటే కుందేలు ప్రాణం తియ్యాలి. ఆ పని ఎవరికీ వదిలేవారు కాదు. తనే ఒళ్ళో పెట్టుకుని సూది ఇచ్చి, అది పూర్తిగా ఆగేదాకా కదలకుండా కూర్చునేవారు. "నీ డ్యూటీ అయిపోనాది నాయినా," అనేవారు దానితో. ఆ రోజు నెత్తళ్ళు ఉండేవి కావు. ఎవరైనా ఆ రోజు నవ్వితే "మీరు దయచేసి బయటికి వెళ్ళండి" అనేవారు.

మా మందు ఒక ఆయింట్‌మెంటు. మేడమ్ ఏళ్ళ తరబడి పట్టుకుని వేలాడిన రసాయనమొకటి దాన్లో కలిపేవాళ్ళం. కుందేలు ఒక చెవికి అది రాశాం, రెండో చెవిని అలాగే వదిలేశాం. మొదటి విడత కుందేళ్ళలో రాసిన చెవి మచ్చలు అణిగాయి. కంటికే తెలిసిపోతోంది. స్లైడ్ల కింద ఇంకా బాగా తెలిసింది. నేను ఎగిరి గంతేశాను. ఆవిడ స్లైడు మీద కన్ను తియ్యకుండా, గంతులు ఆపి రెండో విడత కుందేళ్ళకి ఆర్డరు పెట్టమన్నారు.

కానీ సంగతి కరస్పాండెంట్ గారి చెవిన పడింది. ఆయన చెవిన పడితే ఫ్లెక్సీ పడుతుంది. కాలేజీ గేటుకి పెద్దది కట్టించారు. పేపర్లో జిల్లా పేజీలో వార్త వేయించారు. కుందేలు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మొండి మచ్చలు ఇక మాయం, అని రాశారు.

మర్నాటి నుంచి గేటు దగ్గర జనం. కాలిన చేతులు, పెరిగిన చెవులు, ఆపరేషను కోతల మీద తాడులా లేచిన మచ్చలు. స్టీల్ ప్లాంటులో వేడి తగిలి మెడ నుంచి మోచేతి దాకా తోలు ముడతలు పడిపోయిన ఒక పెద్దాయన ఊరికే నిలబడి ఉండేవాడు, ఏమీ అడగకుండా. మేడమ్ ఆ రోజు కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళి మాట్లాడిన తెలుగు మేం వరండాలో నిలబడి విన్నాం. ఛందస్సు ఒకటే తక్కువ. పేపరు వార్త మాత్రం వెనక్కి రాదు కదా. ఆవిడే గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ అది మనుషుల మందు కాదని, ఎవరెవరు ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పి పంపడం మొదలుపెట్టారు.

అలా వచ్చినవాళ్ళలో నూకరత్నం ఒకతె. మా తగరపువలస అమ్మాయే. జంక్షన్లో వాళ్ళమ్మ బజ్జీల బండి పెడుతుంది. ఆ బండి దగ్గర మూకుడు తిరగబడి మెడ మీద, భుజం మీద నూనె పడింది. గాయం మానింది గానీ, మచ్చ మెడ పక్కనుంచి జబ్బ దాకా ఎర్రగా లేచి కూర్చుంది. ద్వారకా నగర్లో పెద్ద చీరల షాపులో కౌంటర్ మీద అమ్మేది. కస్టమర్లు చూడలేకపోతున్నారని సూపర్‌వైజరు ఆమెని పై అంతస్తులో ప్యాకింగుకి మార్చేశాడు. అక్కడ కిటికీ కూడా లేదట. మెడకి చున్నీ చుట్టుకుని వచ్చి, ఆ చున్నీ తియ్యకుండానే ఇదంతా చెప్పింది.

మేడమ్ చున్నీ తీయించి, వేలితో మచ్చని నొక్కి చూశారు. దురద ఉందా అని అడిగారు. రాత్రులు నిద్ర పట్టనివ్వదని చెప్పింది. మేడమ్ అందరికీ చెప్పిందే ఆమెకీ చెప్పారు. మా మందు ఇవ్వం, కుందేళ్ళకి తప్ప ఎవరికీ రాయలేదు, నీకు సరైన వైద్యం పెద్దాసుపత్రిలో ఉంది.

నూకరత్నం అక్కణ్ణుంచి కదల్లేదు.

"కుందేలు పాటి సెయ్యనా నాను?" అంది.

మేడమ్ కుర్చీలోంచి లేవబోయారు. ఆ అమ్మాయి చున్నీ మళ్ళీ చుట్టుకుని, ఆవిడ మొహం మీదే ఒక గట్టి తిట్టు తిట్టి, హైవే మీదికి నడిచి ఆటో ఎక్కేసింది.

ఆ తిట్టు మేడమ్‌కి నచ్చింది. రెండు రోజులు మా మీద ప్రయోగించి చూశారు. మూడో రోజు స్కూటరు తీసి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని తగరపువలస జంక్షన్‌కి వచ్చారు. బజ్జీల బండి ఎక్కడని అడగక్కర్లేకపోయింది, నాకు తెలుసు. నూకరత్నానికి ఆ రోజు షాపు సెలవు. ఆవిణ్ణి చూసి మొహం తిప్పేసుకుంది. మేడమ్ బజ్జీలు తిన్నారు, బాగున్నాయన్నారు, ఉప్పు తక్కువన్నారు. తర్వాత, రేపు పొద్దున్న ఆసుపత్రి గేటు దగ్గర ఉండమని చెప్పి వచ్చేశారు. బతిమాలలేదు. సానుభూతి చూపించలేదు. అందుకే వచ్చిందనుకుంటాను, మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది.

పెద్దాసుపత్రిలో మచ్చలోకి నేరుగా ఇంజక్షన్లు ఇస్తారు. కొన్ని వారాలకి ఒకసారి, మళ్ళీ మళ్ళీ. గట్టిపడిన మచ్చలోకి మందు ఎక్కించడం మాటలు కాదు, ప్రాణం పోయినట్టుంటుంది. అక్కడి సర్జను ఒకప్పుడు మేడమ్ దగ్గర పాఠం విన్నవాడే. ఎప్పుడు తీసుకెళ్ళినా ఓపీ గదిలోకి తోసుకెళ్ళి అతని పక్కనే నిలబడి, నెమ్మదిగా ఎక్కించమని అజమాయిషీ చేసేవారు. నూకరత్నం సూది దిగినప్పుడల్లా మేడమ్ జబ్బ పట్టుకుని సర్జను వంశాన్నంతా తిట్టేది. తిట్టినంతసేపూ మేడమ్ వింటూ, కొత్తగా ఉన్నవాటిని మళ్ళీ చెప్పించుకునేవారు. వాళ్ళిద్దరికీ స్నేహం అక్కడ కుదిరింది. కానీ మందు ఇవ్వలేదన్న కోపం ఆ అమ్మాయికి పోలేదు. బస్సెక్కేముందు ఆ మాట ఒకసారి అనేసి మరీ ఎక్కేది.

ఇది ఇలా నడుస్తుండగా డిసెంబరు వచ్చింది. మేడమ్ మడమలు పగిలాయి. ఒక మధ్యాహ్నం ల్యాబులో బల్ల మీద కాళ్ళు బార్లా చాపుకుని, వ్యాజిలిన్ డబ్బా పక్కన పెట్టుకుని పగుళ్ళకి రాసుకుంటున్నారు. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది. మెత్తబడిన మడమని వేలితో నొక్కి చూసుకున్నారు. పొడిగా ఉన్న రెండోదాన్ని నొక్కి చూసుకున్నారు. నన్ను పిలిచారు.

"ఒరే, రెండో సెవికి మనం ఏటి రాసినాం?"

ఏమీ రాయలేదండి అన్నాను.

"మందు నేని ఉత్త పూత రాయాలి కదరా. రాయనేదేటి?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్ళి ఆయింట్‌మెంటు డబ్బా మూత తీసి చూశాను. మా ఆయింట్‌మెంటులో మందు చిటికెడు, మిగతాదంతా వ్యాజిలిన్ జిడ్డు. మచ్చని జిడ్డుతో కప్పి తడి ఆరకుండా ఉంచితే దానంతటదే కొంత అణగొచ్చు. అలాంటప్పుడు అణిచింది మందా, జిడ్డా? మేం పోల్చింది మందు రాసిన చెవితో ఏమీ రాయని చెవిని. ఆ ప్రయోగానికి ప్లాను గీసింది ఆవిడే. మొదటి ఏడాది విద్యార్థులకి ఆ తప్పు చెయ్యొద్దని పాఠం చెప్పేదీ ఆవిడే.

రెండో విడత కుందేళ్ళు అప్పటికే వచ్చి ఉన్నాయి. ప్రయోగం మార్చి, జంతు ప్రయోగాల కమిటీ అనుమతి మళ్ళీ తీసుకుని మొదలుపెట్టాం. ఒక చెవికి మందున్న పూత, రెండో చెవికి మందు లేని పూత. ఏ డబ్బాలో ఏముందో ఆవిడకీ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారొకాయన దగ్గర ఆ గుట్టు దాచారు. స్లైడ్లన్నీ చూసి, కొలతలన్నీ అయ్యాక ఆయన వచ్చి డబ్బాల గుట్టు విప్పారు. రెండు చెవులూ ఒకేలా అణిగాయి. మందుకీ, ఉత్త జిడ్డుకీ పిసరంత తేడా లేదు.

మేడమ్ రెండు డబ్బాలకీ మూతలు బిగించి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఆ రసాయనంతో ఎన్నేళ్ళ కాపురమో ఆవిడది. తర్వాత ఇటు తిరిగి, "నాను కనిపెట్టిన మందు వ్యాజిలిన్‌రా," అన్నారు. నవ్వారు. నాకు నవ్వు రాలేదు, నా థీసిస్ ఆ డబ్బాలోనే ఉంది మరి.

చిక్కేమిటంటే ఆ వారంలోనే ఆవిడకి సన్మానం. కరస్పాండెంట్ గారు మందుల కంపెనీవాళ్ళని పిలిచారు. ఫ్లెక్సీలు కట్టేశారు. ప్రిన్సిపాల్ గారికి సంగతి చెబితే ఆయన చెమటలు తుడుచుకుని, సన్మానం అయ్యాక చెబుదాం మేడమ్, ముందు శాలువా కప్పించుకోండి, అబద్ధమేమీ ఆడక్కర్లేదు, మాట్లాడకుండా ఉంటే చాలు అని బతిమాలారు. ఆవిడ సరే అన్నట్టు తలూపారు. తలూపడం చూసి నేను భయపడ్డాను.

సన్మానం రోజు హాలు నిండింది. కరస్పాండెంట్ గారు అమృతం, ధన్వంతరి అంటూ చాలాసేపు మాట్లాడి, శాలువా కప్పి, ఇత్తడి జ్ఞాపిక చేతికిచ్చి, రెండు మాటలు చెప్పమన్నారు. మేడమ్ మైకు సరిచేసుకున్నారు.

"పెద్దలందరికీ నమస్కారం. ఈ మందు పనిచేయదు," అన్నారు.

పుస్తకం తెలుగు. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఆవిడ నిదానంగా అంతా చెప్పారు. మొదటి ప్రయోగంలో తప్పు ఎక్కడ జరిగిందో, ఆ తప్పు తనదేనని, కుర్రవాడిది కాదని, రెండో ప్రయోగంలో ఏం తేలిందో, ఒక్క విశేషణం లేకుండా చెప్పారు. పేపర్లో పడింది తప్పు గనక దిద్దుబాటు వేయించవలసిందిగా కరస్పాండెంట్ గారిని కోరారు. కంపెనీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరస్పాండెంట్ గారి చూపు శాలువా మీద నిలిచింది.

అది చూసి మేడమ్ రేవు తెలుగులోకి దిగిపోయారు.

"శాలువా ఇచ్చీమంటే ఇచ్చీత్తానండి. ఏసీ సలేత్తంది, మీటింగు అయ్యేదాకా ఉండనీండి."

వెనక వరసల్లో విద్యార్థులు మొదలుపెట్టారు. నవ్వు ముందుకి పాకింది. చివరికి కంపెనీవాళ్ళలో ఒకాయన కూడా నవ్వేశాడు. మీటింగు అయింది. శాలువా ఎవరూ అడగలేదు.

దిద్దుబాటు పేపర్లో పడింది, పెళ్ళిసంబంధాల పక్కన, అగ్గిపెట్టె అంత. ప్రాజెక్టు పొడిగించలేదు. జంతుశాల మూసేసి అక్కడ రంగురంగుల దిండ్లు వేసి ఇన్నోవేషన్ సెంటర్ అని పేరు పెట్టారు. ఇంకా ప్రయోగంలోకి తియ్యని కుందేళ్ళని కమిటీ అనుమతితో అడిగినవాళ్ళకి పెంచుకోవడానికి ఇచ్చేశాం. ప్రిన్సిపాల్ గారు తన పేరు గలదే కావాలని పట్టుబట్టి ట్రెజరర్‌ని ఇంటికి తీసుకెళ్ళారు. నిజం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, మేడమ్‌తో సహా. పనిచెయ్యని మందు మీద నా థీసిస్ నడిచింది. వైవాకి వచ్చిన బయటి ప్రొఫెసరు, ఇలాంటిది చదవడం తనకిదే మొదలని చెప్పి డిగ్రీ ఇచ్చాడు. మేడమ్ మరుసటి ఏడాది రిటైరయ్యారు.

కానీ నేను చెప్పదలుచుకున్నది సన్మానం మర్నాటి సంగతి. ఆవిడ స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని ద్వారకా నగర్ వెళ్ళారు. చీరల షాపు. మెత్తటి తెల్ల పరుపు మీద కూర్చుని, నూకరత్నం వచ్చి చూపిస్తేనే చీర చూస్తాను అన్నారు. సూపర్‌వైజరు, ఆ అమ్మాయి ప్యాకింగులో ఉందని, మిగతావాళ్ళు చూపిస్తారని చెప్పాడు.

"నేను ఆ అమ్మాయి వద్ద మాత్రమే చీర కొనదలుచుకున్నాను. దయచేసి పిలిపించండి," అన్నారు.

అతనికి ఆ తెలుగు సంగతి తెలియదు గానీ, ఏదో తెలిసినట్టే అయింది. పిలిపించాడు. షాపు యూనిఫాం చీర కొంగుని మెడ చుట్టూ బిగించుకుని నూకరత్నం దిగొచ్చింది. అప్పటికి ఇంజక్షన్లు చాలానే పడ్డాయి. మచ్చ ఎత్తు తగ్గింది, దురద పోయింది. ఎరుపు మాత్రం అలాగే ఉంది. అది పూర్తిగా పోదని సర్జను ముందే చెప్పాడు.

ఆమె చీరలు పరుస్తుంటే మేడమ్ రంగులు చూస్తూ మొత్తం చెప్పేశారు. మందు ఉత్తదే అని, జిడ్డే పనిచేసిందని, నిన్న అందరి ముందూ చెప్పేశానని. నూకరత్నం చేతిలో చీర మడత సగంలో ఆగింది.

"అంటే ఆరోజు నాకు ఇచ్చీసున్నా ఏటీ అవకపోను కదండీ. వ్యాజిలినే కదా."

"ఏటీ అవకపోను."

"మరి అంత పట్టింపు ఏటి?"

"అది ఉత్తిదో విషమో ఆరోజు నాకు తెల్దే," అన్నారు మేడమ్. "తెల్నిది నీ మెడకి ఎలాగ రాత్తాను?"

నూకరత్నం ఆ మడత పూర్తి చేసింది. ఒప్పుకున్నట్టూ లేదు, ఒప్పుకోనట్టూ లేదు. చీరల దొంతర వైపు తిరిగి, అడుగునుంచి ముదురు నీలం పట్టుచీర ఒకటి లాగింది. అంచు చూపించాలంటే భుజం మీద వేసుకు చూపించాలి, కౌంటర్లో అమ్మాయిలందరూ అలాగే చూపిస్తారు. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, మెడ చుట్టూ ఉన్న కొంగు విప్పి నడుముకి దోపుకుంది. నీలం చీర అంచుని భుజం మీదుగా, మెడ పక్కగా వేసుకుని, దీపాల వెలుగులో అంచు అద్దాల్లో కనబడేలా గడ్డం పైకెత్తి నిలబడింది.

పక్కన కూతురితో కూర్చున్న ఒకావిడ ఇటు చూసింది. చూపు మెడ మీద ఆగింది, అక్కణ్ణుంచి అంచు మీదికి జారింది, అంచు మీదే ఉండిపోయింది.

"అమ్మా, అదే అంచు ఆకుపచ్చలో ఉందా?" అని అడిగింది.

నూకరత్నం సూపర్‌వైజరు వైపు చూసింది. అతను చూపించమన్నట్టు చెయ్యి ఊపాడు.

"ముందు నాది అవనీవే," అన్నారు మేడమ్, కాళ్ళు బార్లా చాపుకుని. "నానింకా తేల్సుకోనేదు. ఇంకోటి తియ్యి."